తగ్గిన కొలత

బడులు తెరవడానికి ముందు రెండు వారాలూ టైలరమ్మకు తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. షాపు గోడ పొడవునా తీగ మీద నీలం స్కర్టులు, తెల్ల చొక్కాలు వేలాడుతుంటాయి. మిషను చప్పుడు కాసేపు ఆగిందంటే చాలు, మూలన కూర్చుని కాజాలు కుడుతున్న అత్తగారు తల ఎత్తకుండానే అడుగుతుంది. "ఏమ్మాయ్, దారం తెగిందా, ఓపిక తెగిందా?"

భర్త లారీ డ్రైవరు. సరుకు ఎక్కించుకుని బయల్దేరితే పదిహేను రోజులకు గాని ఇంటి మొహం చూడడు. ఆ చిన్న షాపు, వెనకున్న రెండు గదులు అత్తాకోడళ్ల రాజ్యం.

ఆ మధ్యాహ్నం ఎదురింటి మందుల షాపాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆయన దగ్గరికే పరిగెడతారు. ఆయన గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. అత్తగారి మోకాళ్లకు పూసే మందు ఆయనే తెచ్చిచ్చి, ఎలా రాసుకోవాలో ఓపిగ్గా చెప్పి వెళ్తాడు.

పిల్లకు ఎనిమిదేళ్లు. దానికి బొంగరం అని పేరు పెట్టింది టైలరమ్మే. కొత్త గౌను తొడిగితే అద్దం ముందు గిర్రున తిరుగుతూనే ఉండేది, ఆగమంటే ఆగేది కాదు. "అత్తా, ఇంకో చుట్టు!" అంటూ గుడ్డముక్కల గుట్టలో పడి నవ్వేది. ఇవాళ అదే పిల్ల గుమ్మంలో నిలబడి తండ్రి మొహంలోకి చూసింది. ఆయన తల ఊపాకే లోపలికి అడుగు పెట్టింది.

"రెండు జతలు కావాలమ్మా. చేతులు మణికట్టు దాకా ఉండాలి. మెడ దగ్గర కూడా పట్టీ వేసి మూసెయ్యి" అన్నాడాయన.

"ఈ ఎండల్లోనా సార్? ఉడికిపోతుంది పిల్ల."

"దాని ఒంటికి ఎండ పడదు" అని చిన్నగా నవ్వాడు. ఇంతలో ఫోను మోగితే మాట్లాడుతూ మెట్టు మీదికి వెళ్లాడు.

టైలరమ్మ మెడలోంచి టేపు తీసి పిల్ల వైపు చాచింది. బొంగరం కళ్లు గట్టిగా మూసుకుని కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే, నన్ను చూసి భయమా? టేపే కదా. చేతులు ఎత్తు తల్లీ."

కుడిచెయ్యి ఒక్కటే లేచింది. ఎడమది ఒంటికి అంటుకుని ఉండిపోయింది. టైలరమ్మ బలవంతపెట్టలేదు. పొడవు కొలిచింది. నడుము కొలిచింది. ఇరవై. కొలతల పుస్తకంలో పోయినేడాది పేజీ తీసి చూస్తే ఇరవైరెండు ఉంది. టేపు మెలి పడిందేమోనని మళ్లీ కొలిచింది. మళ్లీ ఇరవయ్యే.

తొమ్మిదేళ్లుగా ఆ వీధి పిల్లల్ని కొలుస్తోంది. పొడుగు సాగే పిల్లల నడుము పెద్దగా పెరగకపోవచ్చు గాని తగ్గదు. జ్వరం పడి లేచిన పిల్లకైనా అర అంగుళం తగ్గితే ఎక్కువ. ఈ పిల్ల ఏడాదిలో రెండంగుళాలు పొడుగై, రెండంగుళాలు సన్నబడింది. బుగ్గలు జారిపోయాయి. జుట్టు కొసలు చిక్కులు కట్టి ఉన్నాయి. గోళ్ల కింద మట్టి ఉంది. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తండ్రి పక్కన ఇది ఎవరో దారిన పోయే పిల్లలా ఉంది.

చంక కొలత కోసం గౌను చెయ్యి కాస్త పైకి జరిపింది. అక్కడే ఆమె వేళ్లు ఆగిపోయాయి.

మోచేతికి పైన, లోపలి వైపు, మెత్తటి చోట మూడు చారలు ఉన్నాయి. ఒకటి పసుపు తిరిగింది, ఒకటి ఊదారంగులో ఉంది, ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది. ఒకే రోజు తగిలినవి కావు. పరిగెత్తి పడితే మోకాలు చిట్లుతుంది, నుదురు బొప్పి కడుతుంది. చంక కింద ఎందుకు తగులుతుంది? పైగా మూడూ ఒకే వెడల్పు, ఒకటింపావు అంగుళం. దానికి ఆమెకు టేపు అక్కర్లేదు. మందుల షాపాయన పాంట్లకు బెల్టు పట్టే లూపులు కుట్టేది తనే.

బొంగరం గబుక్కున చెయ్యి కిందికి లాగేసుకుంది. తండ్రి వీపు వైపు ఒకసారి చూసి, టైలరమ్మ చెవి దగ్గరికి వచ్చింది.

"అత్తా, స్కర్టుకి లోపల ఒక జేబు కుడతావా? బయటికి కనబడకూడదు."

"దేనికే?"

"బ్రెడ్డుకి. బళ్లో నా పక్కమ్మాయి ఇస్తుంది. ఇంటికి తెచ్చుకుంటే రాత్రికి ఉంటుంది కదా."

"అయిందా అమ్మా?" గుమ్మంలోంచి ఆయన గొంతు వినిపించింది.

టైలరమ్మ కొలతల పుస్తకం మూసింది. "అయింది సార్" అంది.

వాళ్లు వెళ్లాక అత్తగారికి చూసిందంతా చెప్పింది. ముసలావిడ సూది పక్కన పెట్టింది.

"కన్నతండ్రే. కోపంలో ఒకటి వేశాడేమో" అంది.

"మూడు రంగుల్లో ఉన్నాయి అత్తయ్యా. మూడుసార్లూ కోపమేనా? పిల్ల తిండి దాచుకోవడానికి జేబు అడుగుతోంది."

"మరి డాక్టరుకైనా చూపించరా?"

టైలరమ్మ ఎదురింటి వైపు చూసింది. ఆ ఇంట్లో డాక్టరు అవసరం ఎప్పుడు పడుతుంది? మందులన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆ పిల్లను బయటివాడెవడూ చూడనే చూడడు.

మర్నాడు బొంగరం తల్లి, షాపులో ఇస్త్రీకిచ్చిన బట్టల కోసం వచ్చింది. ఆమె ఎప్పుడూ గోడ పక్కనుంచే నడుస్తుంది, ఎప్పుడూ తొందరలోనే ఉంటుంది. టైలరమ్మ ఎలా అడగాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేసింది.

"వదినా, బొంగరం చేతి మీద ఆ దెబ్బలేంటి?"

ఆమె చేతిలో సంచి నలిగింది. "మెట్ల మీంచి పడింది."

"ఏ మెట్లు వదినా? మీ ఇంటికి మేడే లేదు కదా."

ఆమె వీధిలోకి చూసింది, వెనక్కి చూసింది. "నీకు దణ్ణం పెడతాను, నా కొంప ముంచకు" అంది గొణిగినట్టు. తీసుకోవాల్సిన బట్టలు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

షాపు వాకిట్లో మందుల షాపాయన బండి ఆగి ఉండటం టైలరమ్మ అప్పుడే చూసింది. ఆయన బండి మీద కూర్చుని, భార్య ఖాళీ సంచితో వీధి దాటడం చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి బొంగరం కనబడలేదు.

ఆ మర్నాడే బడులు తెరిచారు. పిల్లల ఆటో ఎదురింటి ముందు ఆగి, హారన్ కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆటో అసలు ఆగలేదు. ఆ ఇంటి కిటికీలు మూసే ఉన్నాయి. అంతకన్నా టైలరమ్మను భయపెట్టింది టీవీ. ఎప్పుడూ చప్పుడన్నది వినబడని ఆ ఇంట్లో పొద్దున్నుంచి టీవీ గోడలదిరేలా మోగుతోంది. ఇంటి ముందు తీగ మీద ఆయన చొక్కాలు, ఆమె చీరలు ఆరుతున్నాయి. పిల్ల గుడ్డ ఒక్కటీ లేదు.

నేనే అడక్కుండా ఉండాల్సింది, అని వెయ్యిసార్లు అనుకుంది. అడిగింది సరే, పులి ముందే అడిగాను, అనుకుంది. మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోతోంది. అయినా ఆ రెండు జతలూ కుట్టింది. స్కర్టు లైనింగు లోపల, నడుము పట్టీ కింద, చిన్న జేబు కూడా కుట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం అత్తగారు వెనక గదిలో పడుకుని ఉంది. ఆయన ఒక్కడే వచ్చాడు. లోపలికి వస్తూ షట్టరు సగానికి దించాడు.

"ఎండ పడుతోంది" అన్నాడు అదే మెత్తటి గొంతుతో.

టైలరమ్మ లేచి నిలబడింది. ఆయన బల్ల మీదున్న పెద్ద కత్తెర తీసుకుని, పదును చూస్తున్నట్టు బొటనవేలితో తడిమాడు.

"మీ ఆయన ఎప్పుడొస్తాడు?"

"రేపో ఎల్లుండో వస్తారు సార్." అబద్ధం. ఇంకా పది రోజులు పడుతుంది.

"ఒంటరి ఆడవాళ్లు, ముసలావిడా, నువ్వూ. వీధంతా మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంటాం." కత్తెర ఒకసారి తెరిచి మూశాడు. "కొలతలు తీసుకో అమ్మా. గుడ్డలు కుట్టు. అంతకన్నా లోతుకి దిగితే సూది విరుగుతుంది. విరిగిన సూది కంట్లోనే పడుతుంది, తెలుసుగా?"

కత్తెర ఉన్న చోటే పెట్టాడు. షట్టరు మళ్లీ పైకెత్తి, ఎదురొచ్చిన పక్కింటావిడను "తలనొప్పి తగ్గిందా అమ్మా?" అని పలకరిస్తూ వెళ్లిపోయాడు.

టైలరమ్మ కత్తెర తీసి సొరుగులో పడేసింది. తిరిగి చూస్తే వెనక గది గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"వాడిచ్చిన మందు మోకాళ్లకు రాసుకున్నాను చూడూ, అది తల్చుకుంటే కంపరమెత్తుతోంది" అంది. తర్వాత, "ఫోను తియ్యి అమ్మాయ్" అంది.

"ఎవరికి చెయ్యను అత్తయ్యా? నా దగ్గర రుజువేముంది? తప్పైతే?"

"తప్పైతే నలుగురూ నన్ను తిడతారు. తిట్లు తిని చచ్చినవాళ్లు లేరు. పిల్ల తినడానికి తిండి లేక చస్తోంది."

పిల్లల సహాయ నంబరు బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి రోజూ చూసి చూసి ఆ అంకెలు నోటికొచ్చేశాయి. నొక్కుతుంటే వేలు రెండుసార్లు తప్పింది.

అవతల ఒక ఆడమనిషి గొంతు నెమ్మదిగా వినిపించింది. టైలరమ్మ ముందే చెప్పుకుంది. "నా దగ్గర రుజువేం లేదండీ."

"రుజువు వెతకడం మా పనమ్మా. మీరు చూసింది చెప్పండి చాలు. తోచిన క్రమంలోనే చెప్పండి."

చెప్పింది. చారల రంగులు, వెడల్పు, ఎత్తలేని చెయ్యి, మెడ దాకా మూసెయ్యమన్న చొక్కా, లేని మెట్లు, మూడు రోజులుగా రాని పిల్ల. కొలతల పుస్తకం తెరిచి రెండేళ్ల అంకెలూ చదివింది. అవతల కాగితం మీద పెన్ను కదులుతున్న చప్పుడు వినబడింది.

"ఆ తల్లిని అడిగానండీ. అందుకే పిల్లను దాచేశాడేమో. నా వల్లే..."

"అడిగింది మంచి మనసుతోనే. కాని ఇంట్లోవాళ్లను అడిగితే వాళ్లు జాగ్రత్త పడిపోతారు. ఇకమీదట ముందు మాకే చెప్పండి. ఇప్పుడు మీరు ఆ ఇంటి దగ్గరికి వెళ్లొద్దు. మీ పేరు ఎక్కడా రాదు. సాయంత్రంలోగా వస్తాం."

నాలుగు కాకముందే జీపు వచ్చింది. దాంట్లోంచి ఒక ఆఫీసరమ్మ, ఒక మహిళా కానిస్టేబులు దిగారు. టైలరమ్మ తీగ మీది స్కర్టుల వెనక నిలబడి చూసింది. తలుపు ఆయనే తీశాడు. టీవీ ఆగింది. మాటలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి.

"పాపా? వాళ్ల అమ్మమ్మ దగ్గరికి పంపామండీ, మొన్ననే. ఎవరో గిట్టనివాళ్లు చెప్పి ఉంటారు. రండి, కూర్చోండి, చల్లటి నీళ్లు తాగండి."

ఆఫీసరమ్మ గుమ్మంలోనే నిలబడింది. "అమ్మమ్మ గారి ఊరేది? ఫోను నంబరివ్వండి."

"అక్కడ సిగ్నలు ఉండదండీ."

"మీరు చెప్పమ్మా" అని ఆఫీసరమ్మ భార్యను అడిగింది. ఆమె తలుపు పక్కన తల వంచుకుని, కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. ఒక్క మాట రాలేదు. ఆయన ఆమె వైపు చూడను కూడా చూడలేదు. అంత ధీమా.

టైలరమ్మను వెళ్లొద్దన్నారు. కాని ఆ మౌనం ఇంకో నిమిషం సాగితే జీపు వెనక్కి తిరిగిపోతుందని అనిపించింది. తిరిగిపోతే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించలేకపోయింది. తీగ మీంచి బొంగరం స్కర్టు లాగి వీధి దాటింది.

"వదినా, యూనిఫాం అయింది. పిల్లను పిలువు, తొడిగి చూద్దాం" అంది, జీపును అసలు చూడనట్టే.

"ఊళ్లో లేదు" అన్నాడాయన. మొట్టమొదటిసారి ఆ గొంతులో మెత్తదనం లేదు.

టైలరమ్మ ఆయన్ను చూడలేదు. స్కర్టు తల్లి చేతుల్లో పెట్టింది. ఆమె అలవాటుగా నడుము పట్టీ తిరగేసి చూసింది. వేళ్లు లోపలి జేబులోకి వెళ్లి ఆగాయి.

"ఇదేంటి?"

"అదే అడిగింది వదినా. బ్రెడ్డు దాచుకోవడానికి. రాత్రికి ఉంటుందంది."

తల్లి ఆ జేబులోంచి చెయ్యి తియ్యలేదు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. కానిస్టేబులు మధ్యలోకి వచ్చింది.

"మా అమ్మ పోయి ఆరేళ్లయిందండీ" అంది ఆ తల్లి. గాలి తీసుకుని మళ్లీ అంది. "పిల్ల వెనక గదిలో ఉంది. తాళం ఆయన జేబులో ఉంది."

తర్వాత ఏం జరిగిందో టైలరమ్మకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆయన అరుపు. ఇన్నేళ్లలో ఆ వీధి మొదటిసారి విన్న అరుపు అది. గోడలకు ఆనుకుని నిలబడ్డ ఇరుగుపొరుగు. తాళం కోసం పెనుగులాట. ఆఫీసరమ్మ చేతుల మీద బయటికొచ్చిన బొంగరం. మందుల అట్టపెట్టెల మధ్య మూడు రోజులు ఉన్న పిల్ల వెలుగు చూడలేక కళ్లు మూసుకుంది. ఏడవలేదు. అంతమంది ముందు కూడా చప్పుడు చెయ్యకుండా ఉండటం నేర్చుకున్న పిల్లను చూసి అత్తగారు షాపు గుమ్మంలోనే కూర్చుని గొల్లుమంది.

ఎడమచెయ్యి విరిగి పది రోజులైందన్నారు ఆసుపత్రిలో. అంటే కొలతలు తీసుకున్న నాటికే విరిగి ఉంది. ఆ మూడు రోజులూ చాలా తక్కువ నీళ్లు, దాదాపు తిండి లేకుండా ఉందన్నారు. మొదటి మాట విన్నప్పుడు, అది తను అడిగినందుకు కాదని టైలరమ్మకు కొంత ఊరట కలిగింది. రెండో మాట విన్నప్పుడు మాత్రం, ఆ మూడు రోజులూ తను అడిగినందుకే అనిపించింది.

వీధి రెండుగా చీలింది. "ఇంటి గుట్టు రచ్చకీడ్చింది" అన్నవాళ్లు బట్టలు వేరే చోట కుట్టించుకున్నారు. పక్కింటావిడ మాత్రం ఒకరోజు వచ్చి, గోడ అవతల దెబ్బల చప్పుడు తనకూ వినబడేదని, టీవీ అనుకుని సరిపెట్టుకున్నానని చెప్పి ఏడ్చింది. భర్త లారీ దిగి వచ్చి అంతా విని, కోప్పడతాడేమో అనుకుంటే, ఏమీ అనకుండా వెనక తలుపుకు కొత్త గడియ బిగించాడు. "నన్ను అప్పుడే పిలవాల్సింది" అని మాత్రం అన్నాడు.

మందుల షాపాయన బెయిలు మీద రెండు నెలలు బయట ఉన్నాడు. ఈ వీధికి రాకూడదని ఆంక్ష ఉంది. అయినా బండి చప్పుడైనప్పుడల్లా టైలరమ్మ చెయ్యి మిషను చక్రం మీద ఆగిపోయేది. సాక్ష్యం చెప్పే రోజు బోనులో నిలబడితే ఆయన ఎదురుగా, అదే ఇస్త్రీ చొక్కాతో, అదే చిన్న నవ్వుతో ఉన్నాడు. లాయరు అడిగాడు. "దెబ్బల వెడల్పు కళ్లతో చూసి చెప్పడానికి మీరేమైనా డాక్టరా?"

"కాదండీ, టైలరును. పావు అంగుళం తేడా వస్తే చొక్కా పాడైపోతుంది" అంది. మాట వణకలేదు.

శిక్ష పడింది. తల్లి మీద కూడా విచారణ జరిగింది. ఆమె ఒంటి మీది దెబ్బలూ బయటపడ్డాయి. ఇప్పుడు ఊరవతల ఆడవాళ్ల వసతిగృహంలో ఉండి పని నేర్చుకుంటోంది, వారానికోసారి ఆఫీసరమ్మ సమక్షంలో కూతుర్ని చూస్తుంది. బొంగరం పెద్దమ్మ దగ్గర ఉంటోంది. ఆ పెద్దమ్మ అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. మొదట్లో అన్నీ భయపు కబుర్లే. పిల్ల మంచం కింద పడుకుంటోందని, గ్లాసు పగిలితే గంటసేపు గోడ వైపు తిరిగి నిలబడిందని చెప్పేది.

పోయిన వారం మాత్రం ఆవిడ గొంతు వేరుగా ఉంది.

"ఏం చెప్పమంటావు తల్లీ, నా కూర బాలేదట! ఉప్పు లేదట! కంచం తోసేసి కూర్చుంది. ఇంత లేదు, నాకు వంకలు పెడుతుందా?"

టైలరమ్మ ఫోను అత్తగారి చెవి దగ్గర పెట్టి ఆ మాట మళ్లీ చెప్పించింది. ముసలావిడ రెండుసార్లు విని, "మరి నువ్వేమన్నావు?" అని అడిగింది.

"ఏమంటాను, ఉప్పు వేసి మళ్లీ పెట్టాను. మొత్తం తినేసింది" అంది పెద్దమ్మ.